బ్రాడీపేట, అరండల్‌పేట

గుంటూరు నగరంలో రైలు పట్టాలకు పడమట పక్కపక్కనే ఉన్న రెండు పేటలు బ్రాడీపేట, అరండల్‌పేట. పాత గుంటూరు, లాలాపేట, పట్నం బజారు పట్టాలకు తూర్పున ఉన్నాయి. పాత ఊరు మలుపుల సందులతో తనంతట తాను పెరిగింది. ఈ పేటల్ని మాత్రం నేల కొలిచి, తిన్నని వీధులు తీసి, వాటికి అంకెలు వేసి కట్టారు. రెండు పేర్లూ ఆంగ్లేయ అధికారుల మీదుగా వచ్చినవే.

గుంటూరుకు రైలు తెచ్చింది ముందుగా పత్తి కాదు, కరువు. 1876–78 నాటి ధాత కరువులో దక్షిణాదిన లక్షల మంది చనిపోయారు. గింజలున్న చోటి నుంచి లేని చోటికి వాటిని చేర్చే దారి లేకపోవడం ప్రాణనష్టాన్ని పెంచింది. 1880 నాటి కరువు కమిషన్ రైలు మార్గాల అవసరాన్ని గట్టిగా చెప్పింది. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ కాలంలోనే గుంతకల్లు నుంచి నంద్యాల, కంభం, దొనకొండ, వినుకొండ, నరసరావుపేటల మీదుగా గుంటూరుకు, అక్కడి నుంచి కృష్ణ ఒడ్డుకు మీటర్ గేజ్ మార్గం పడింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన 1893లో పూర్తయింది. 1908లో ఈ కంపెనీ మద్రాసు రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. 1916లో తెనాలి మీదుగా రేపల్లె వైపు బ్రాడ్ గేజ్ మార్గం వచ్చింది. ఆకలి తీర్చడానికి తలపెట్టిన దారి మీదే పత్తి బేళ్లు, పొగాకు, మిరప బస్తాలు బయలుదేరాయి. నల్లరేగడి పల్లెల పంటకు గుంటూరు కూడలి అయింది.

రైలు ఒక్కటే అయితే గోదాములు, జిన్నింగ్ మిల్లులు మాత్రమే వచ్చేవేమో. ఇళ్ల పేటలు పెరగడానికి పాలన కూడా తోడైంది. 1859లో రద్దయిన గుంటూరు జిల్లాను 1904 అక్టోబరు 1న మళ్లీ ఏర్పాటు చేశారు. కలెక్టరు కచేరీ, కోర్టులతో పాటు ప్లీడర్లు, గుమాస్తాలు, డాక్టర్లు, ఉపాధ్యాయులు ఊరికి చేరారు. అప్పటికే కిక్కిరిసిన పాత ఊళ్లో వాళ్లందరికీ చోటు లేదు. పట్టాల అవతల ఖాళీ నేల ఉంది.

పేటల అమరిక చాలా తేలిక. ఒక దిక్కున లైన్లు, వాటిని కోస్తూ అడ్డరోడ్లు. చిరునామాలో ‘4/14, బ్రాడీపేట’ అని ఉంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని అర్థం. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు కూడా ఎవరినీ అడక్కుండా లెక్కపెట్టుకుంటూ ఇల్లు చేరుకోవచ్చు. అరండల్‌పేటలోనూ ఇదే పద్ధతి. పెంకుటిళ్లు, డాబాలు పోయి అపార్టుమెంట్లు వచ్చినా అంకెలు చెక్కుచెదరలేదు. గుంటూరులో ఇంత మన్నికగా నిలిచిన ప్రణాళిక మరొకటి కనబడదు.

రైలు శివారు అంటే లోకం ఎక్కువగా తలచుకునేది అమెరికాలోని రివర్‌సైడ్‌ని. ఓల్మ్‌స్టెడ్, వాక్స్ 1869లో దానికి వంపుల వీధులు గీశారు. అక్కడి వాళ్లు రోజూ రైలెక్కి షికాగో వెళ్లి పని చేసుకునేవారు. బ్రాడీపేట వాసికి కోర్టుకో కచేరీకో వెళ్లడానికి రైలెక్కే పని లేదు, పట్టాలు దాటితే చాలు. అందుకే ఈ పేటల చరిత్రలో స్టేషను కంటే దాటే చోటుకే ప్రాముఖ్యం ఎక్కువ. శంకర్‌విలాస్ హోటల్ పేరు నిలిచిపోయిన సెంటర్ దగ్గరి ఓవర్‌బ్రిడ్జి దశాబ్దాల పాటు ఆ బరువంతా మోసింది. అటు పెద్దాసుపత్రి, ఇటు రెండు పేటలు, నడుమ ఇరుకైన వంతెన. మూడు వంతెనల దారి, తరవాత కట్టిన కంకరగుంట ఓవర్‌బ్రిడ్జి రద్దీలో కొంత భాగాన్నే తీసుకోగలిగాయి.

నగరం పడమటికి పెరిగి లక్ష్మీపురం, చంద్రమౌళినగర్, పట్టాభిపురం వచ్చాక ఒకప్పటి శివారు నడిబొడ్డు అయింది. నేడు ఆ లైన్లలో ఆసుపత్రులు, ల్యాబులు, పుస్తకాల షాపులు, హాస్టళ్లు నిండిపోయాయి. 2003 ఏప్రిల్ 1న గుంటూరు రైల్వే డివిజన్ కేంద్రమైంది. రైళ్లు పెరిగాయి, పట్టాలు దాటాల్సిన జనమూ పెరిగారు.

2025లో శంకర్‌విలాస్ పాత వంతెనను తీసి కొత్తది కట్టే పనులు మొదలయ్యాయి. పైన వంతెనతో పాటు కింద అండర్‌బ్రిడ్జి కూడా కావాలని నగరవాసులు గట్టిగా అడిగారు. ఆ కోరిక న్యాయమైనది. ఆసుపత్రికి నడిచి వెళ్లే రోగికి, సైకిల్ మీద బడికి పోయే పిల్లవాడికి పై వంతెన ఎక్కి దిగడం కంటే కింది దారే మేలు.