ఊరూ వాడా - 11: మెరక ఎవరిది?



దివిసీమలో పెద్దవాళ్లు వయసు చెప్పాలంటే సంవత్సరం చెప్పరు. ఉప్పెనప్పటికి నేను చంకలో పిల్లనంటారు ఒకరు. ఉప్పెనొచ్చిన ఏడే మా పెద్దోడు పుట్టాడంటారు ఇంకొకరు. 1977 నవంబర్ 19 అది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు దాదాపు ఐదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీద పడింది. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ల పేర్లు బయటి జనం విన్నది అప్పుడే. అంతకు 113 ఏళ్ల ముందు, 1864 నవంబర్ 1 రాత్రి, ఇదే తీరంలో బందరును ముంచిన ఉప్పెనలో 30 వేల మంది పోయారని పాత పుస్తకాల్లో లెక్క.

నీరు పల్లమెరుగు అని మన సామెత. ఆ పల్లంలో ఎవరి ఇళ్లున్నాయో ఊరెరుగు. ఇల్లు ఎలా కట్టాలో చెప్పే రూల్స్, ఎక్కడ కట్టాలో చెప్పే ప్లాన్లు, అవి రాసేటప్పుడు ఎవరు కూర్చుని మాట్లాడతారు అన్నదే ఈ భాగం.

తెలుగు పాఠం చెప్పుకునే మీకు బిల్డింగ్ రూల్స్‌తో ఏం పని సార్ అని నా విద్యార్థే ఒకడు అడిగాడు. నిజమే, నా డాక్టరేట్ సాహిత్యంలోనే. కానీ 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి నవల పేరు చూడండి. 'మాలపల్లి'. మనిషి పేరు కాదది, చోటు పేరు. ఊరికీ పల్లెకీ మధ్య ఉన్న గీతే ఆ నవలకు పేరయింది. ఆ గీతను ఏ టౌన్ ప్లానింగ్ ఆఫీసరూ గీయలేదు, ఏ గెజిట్‌లోనూ అచ్చేయలేదు. అయినా ఏ మాస్టర్ ప్లానూ ఇంత పక్కాగా అమలు కాలేదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామాన్ని ఆదర్శమన్న వాళ్ల మీద అంత కటువుగా మాట్లాడింది ఊరికే కాదు.

సరే, ఉప్పెన దగ్గరికి వద్దాం. 1977 తర్వాత దివిసీమకు ఇళ్లు కట్టిస్తామని వచ్చినవాళ్లు చాలామంది. ప్రభుత్వం, చర్చి సంస్థలు, హిందూ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, విదేశీ నిపుణులు. 1979లో రాష్ట్ర హౌసింగ్ కార్పొరేషన్ కూడా పుట్టింది. అందరి ఆలోచనా ఒకటే. తాటాకు గుడిసె కొట్టుకుపోయింది, కాబట్టి కొట్టుకుపోని ఇల్లు కావాలి. తప్పేమీ లేదు. తాటాకు కింద బతికినవాళ్లకు స్లాబు అంటే ఏమిటో నాకు తెలుసు.

ఆ సాయమంతా చివరికి ఎవరికి ఎంత ఉపయోగపడిందో చూడటానికి పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు కృష్ణా డెల్టా మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. 1977 నుంచి 1988 దాకా జరిగినదాన్ని పరిశీలించి 1992లో పుస్తకం తెచ్చాడు. దాని పేరును తెలుగులో చెప్పాలంటే 'అధికారం, ఎంపిక, దుర్బలత్వం'. పేరులో ఇల్లన్న మాటే లేదు, గమనించారా?

ఆయన పరిశోధన ఆధారంగా 'ఎట్ రిస్క్' అనే 1994 నాటి పుస్తకంలో రెండు కుటుంబాల పోలిక ఉంది. నేను క్లాసులో సిలబస్ పక్కన పెట్టి మరీ చెప్పే పాఠమది. రెండిళ్లకూ మధ్య దూరం వంద మీటర్లు. ఒకరిది ఇటుకల ఇల్లు, ఆరు పశువులు, మూడెకరాల మంచి మాగాణి, ధాన్యం వ్యాపారం, ఒక లారీ. రెండో వాళ్లది రెల్లు గుడిసె, ఒక ఎద్దు, ఒక దూడ, నీరు పారని అరెకరం, కౌలుకు ఇంకో పావెకరం, ఇద్దరు చిన్న పిల్లలు. మొదటాయన రేడియోలో హెచ్చరిక విన్నాడు. ఇంటిల్లిపాదినీ, విలువైన సామాన్నీ లారీలో ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ఉప్పెనకు ఆయన ఇంటి కప్పు ఎగిరిపోయింది, మూడు పశువులు చచ్చాయి, పంట పోయింది. రెండో ఇంట్లో చిన్నబిడ్డే కొట్టుకుపోయింది.

మనం ఇక్కడే ఆగిపోతాం, కన్నీళ్లు పెట్టుకుంటాం. అసలు పాఠం ఆ తర్వాత ఉంది. మొదటాయన తిరిగొచ్చి దాచుకున్న డబ్బుతో వారంలో ఇల్లు నిలబెట్టాడు, పశువులు కొన్నాడు, నీళ్లు తీయగానే దున్ని నాటాడు. రెండో ఆయన గుడిసె కోసమే వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లాడు. అప్పు చేసి ఒక దూడ కొన్నాడు గానీ దున్నడానికి ఎడ్లు అద్దెకు తేవాలి. అందరికీ అప్పుడే ఎడ్లు కావాలి కాబట్టి ఆయన వంతు ఆఖర్న వచ్చింది. సాగు ఆలస్యమైంది. ఎనిమిది నెలల తర్వాత ఆ ఇంట్లో ఆకలి. ఆ ఆకలిని ఏ తుపాను లెక్కలోనూ ఎవరూ రాయలేదు.

ఈ పుస్తకం రాసిన నలుగురిలో ఇయాన్ డేవిస్ ఆర్కిటెక్ట్. విపత్తుల తర్వాత ఇళ్ల గురించి 1978లోనే ఒక పుస్తకం రాసినవాడు. గోడలూ కప్పులూ చదువుకున్న మనిషి చివరికి భూమీ అప్పూ కౌలూ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మన ఆర్కిటెక్ట్ మిత్రులు ఇంకా గోడ దగ్గరే ఉన్నారని నా ఫిర్యాదు.

కోడ్‌లో ఏముందో చూద్దాం. గాలి వేగం లెక్కించే ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మన తీరానికి సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తుపాను ప్రాంతాల్లో చిన్న ఇళ్ల కోసం 2004లో ఐఎస్ 15498 వచ్చింది. కప్పును గోడకు ఎలా బిగించాలి, కిటికీలు ఎక్కడ పెట్టాలి, అన్నీ ఉన్నాయి. వాటికంటే ముందు ఒక మాట ఉంది. తీరం దగ్గర నీరు ఎక్కని మెరక స్థలం చూసుకోవాలి, మెరక దొరక్కపోతే స్తంభాల మీదో మట్టి దిబ్బ పోసో కట్టాలి అని దాని సారం. మెరక స్థలమే క్షేమమని ప్రభుత్వ ప్రమాణమే ఒప్పుకుంది. ఆ మెరక ఎవరి చేతిలో ఉందో మాత్రం అడగలేదు.

పైగా ఈ ప్రమాణాలు సలహాలు మాత్రమే. రాష్ట్రం తన రూల్స్‌లో ఎక్కిస్తేనే వాటికి చట్టం బలం. మనకు 2017 బిల్డింగ్ రూల్స్ ఉన్నాయి. ఏ అనుమతికైనా దరఖాస్తుతో పెట్టాల్సిన మొదటి కాగితం ఇంటి నక్షా అనుకుంటారేమో. అంతకంటే ముందు స్థలం హక్కు పత్రం కావాలి. కాలవ గట్టు మీద, పోరంబోకులో, డ్రెయిన్ పక్కన మూడు తరాలుగా ఉన్న వాడలో ఆ పత్రం ఎవరి దగ్గరుంది? పత్రం లేదు కాబట్టి ప్లాన్ లేదు, ప్లాన్ లేదు కాబట్టి ఇంజినీరు రాడు, చివరికి అది 'అక్రమ కట్టడం'. జనాన్ని కాపాడాల్సిన కోడ్ మన వాడ దాకా రావడం నోటీసు రూపంలోనే వస్తుంది.

ఒకటి ఒప్పుకోవాలి. 1990 మే తుపాను కూడా కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. అప్పుడు లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. హెచ్చరిక, బస్సు, తుపాను షెల్టర్ ప్రాణాలు కాపాడాయి. తిరిగొచ్చాక ఉండేది మాత్రం ఆ పల్లంలోనే.

గోడ బాగుంటే చాలదని చూడాలంటే గుడివాడ శివార్లలో మల్లాయపాలెం వెళ్లండి. 8,912 టిడ్కో ఇళ్లు. 300, 365, 430 చదరపు అడుగులు. ఇంజినీరింగ్ పరంగా గట్టివే. కానీ ఇళ్లల్లో పాచిపని చేసుకునే అక్కకు రోజూ పోనూ రానూ ఆటో ఖర్చు ఎంత, గేదెను మూడో అంతస్తులో ఎక్కడ కట్టేయాలి, శవం లేస్తే ఎక్కడ దించాలి? ఈ ప్రశ్నలు డ్రాయింగ్ బోర్డు మీద ఉండగానే అడగాలి. అడగాల్సిన చోట మనవాళ్లు లేరు. రూల్స్ సవరణ అనగానే బయటికి వినిపించేది సెట్‌బ్యాకులూ పార్కింగూ అంతస్తుల గొడవే, ఎందుకంటే బిల్డర్లకు కావాల్సింది అదే.

విజయవాడలో 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. రిజర్వేషన్ మీద అక్కడ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇది చదువుతుంటే ఒక మాట. మీ సంతకానికి చట్టం విలువ ఇస్తుంది. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వేసినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. బందరు చుట్టూ అభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక ఈ కాగితాల పని ఇంకా పెరిగింది. ఆ గడువులో ఎకరాలున్నవాళ్లు లాయర్లతో వస్తారు, రోడ్డు తమ చేలో పడకుండా చూసుకుంటారు. మన వాడ తరఫున వచ్చేవాళ్లు ఉండరు.

డెల్టాలో ఒక పట్టణంలో అలాంటి పటం చూడటానికి నేనూ నలుగురు విద్యార్థులూ వెళ్లాం. రంగులు బాగున్నాయి. పసుపు ఇళ్లకు. మేం వెతికిన వాడ ఆకుపచ్చగా ఉంది, అంటే పార్కు. వాళ్ల లెక్కలో అక్కడ మనుషులు లేరు.

పిల్లలు టేపు పట్టుకుని ఆ వాడలో ఇల్లిల్లూ తిరిగారు. పోయిన వర్షాలకు నీరు ఎంత ఎత్తున నిలిచిందో గోడ మీది చార చూసి అంగుళాల్లో రాసుకున్నారు. ఎన్ని ఇళ్లు, ఎంతమంది, ఎన్నేళ్ల నుంచి, ఎన్ని కరెంటు మీటర్లు అన్నీ ఒక చేతి నక్షాలో గుర్తించి అభ్యంతర పత్రానికి జత చేశాం. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఆయన స్టాంపు వేసి, ఆర్కిటెక్ట్ సంతకం ఏదీ అని అడిగాడు.