పావు అంగుళపు కుట్టు (క్విల్టు తయారీ)

పావు అంగుళపు కుట్టు అనగా క్విల్టు తయారీలో గుడ్డ ముక్కలను ఒకదానితో ఒకటి కలిపేటప్పుడు అంచు నుండి పావు అంగుళం (6.35 మిల్లీమీటర్లు) లోపలికి వేసే కుట్టు. కుట్టుకు, అంచుకు మధ్య మిగిలే భాగాన్ని కుట్టు మార్జిన్ అంటారు. అమెరికా క్విల్టు తయారీలో ఇది ప్రామాణిక కొలత. క్విల్టులో మూడు పొరలుంటాయి: పైన ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ, మధ్యలో దూది వంటి మెత్తని పొర, అడుగున అస్తరు. ఈ కుట్టు పై పొరకు సంబంధించినది.

కొలత ప్రాముఖ్యం

దుస్తుల కుట్టులో స్వల్ప తేడా వచ్చినా సర్దుకోవచ్చు. క్విల్టులో కుట్లు అనేకం కావున తేడా పేరుకుపోతుంది. ఉదాహరణకు, 2½ అంగుళాల చదరపు ముక్కలు తొమ్మిదింటిని వరుసకు మూడు చొప్పున కలిపితే 6½ అంగుళాల బ్లాకు రావాలి. మార్జిన్ అంగుళంలో పదహారో వంతు పెరిగితే, రెండు ముక్కలలోనూ కలిపి ఒక్కొక్క కుట్టు ఎనిమిదో వంతు అంగుళాన్ని అదనంగా మింగుతుంది. అప్పుడు బ్లాకు 6¼ అంగుళాలే వస్తుంది. ఇటువంటి బ్లాకులు ఎనిమిది ఉన్న వరుసలో 23 కుట్లు ఉంటాయి. వరుస మొత్తం మీద 2⅞ అంగుళాలు తగ్గుతుంది.

అన్ని బ్లాకులూ ఒకే రకమైనవై, తేడా అన్నిటిలోనూ సమానంగా ఉంటే క్విల్టు కొంత చిన్నదవుతుందే గాని మూలలు కలుస్తాయి. కాని తొమ్మిది ముక్కల బ్లాకు పక్కన కుట్టు లేని 6½ అంగుళాల ఒంటి ముక్కను అమర్చినప్పుడు రెండూ పొసగవు. కావున కుట్టు నిలకడగా ఉండటంతో పాటు కొలత కూడా సరిగా ఉండాలి.

విధానం

* మొదట ముక్కలన్నీ సమానంగా కత్తిరించాలి. కత్తిరింపులోని తప్పును కుట్టు సరిచేయలేదు. అంచులు పడుగు, పేకల వెంట ఉండాలి. ఐమూలగా కోసిన అంచు సాగుతుంది.
* మిషను చక్రాన్ని చేతితో తిప్పి, సూదిని స్కేలుపై పావు అంగుళం గీత మీదికి దించి, స్కేలు అంచు వెంట ప్లేటుపై కాగితపు టేపు అంటించాలి. గుడ్డను ముందుకు నడిపే పళ్లపై టేపు పడరాదు. పావు అంగుళం కొలతతో చేసిన ప్రత్యేక ఫుట్ కూడా దొరుకుతుంది.
* కుట్టేటప్పుడు చూపు సూదిపై గాక, టేపును ఆనుకొని సాగే గుడ్డ అంచుపై ఉండాలి. గుడ్డను వెనుక నుండి లాగరాదు.
* కుట్టు పొడవు 2 నుండి 2.5 మిల్లీమీటర్లు సరిపోతుంది.
* మొదట ఒక పనికిరాని పీలికపై కుట్టు మొదలుపెట్టి, దాని వెంటనే ముక్కలను అందిస్తే తొలి మూల ప్లేటు రంధ్రంలోకి పోదు. చివరి అర అంగుళంలో ముక్క పక్కకు జరగకుండా గుండుసూది మొనతో పట్టి నడపాలి.

ఇస్త్రీ

మార్జిన్‌ను సాధారణంగా ముదురు రంగు గుడ్డ వైపు మడుస్తారు. ఇస్త్రీపెట్టెను ఎత్తి పెట్టాలి. ఈడిస్తే ముక్క సాగుతుంది. ఒక వరుసలో మార్జిన్లను కుడికి, తరువాతి వరుసలో ఎడమకు మడిస్తే రెండు వరుసలను కలిపేటప్పుడు కుట్లు ఒకదానికొకటి ఆనుకొని మూలలు కచ్చితంగా కలుస్తాయి.

మడతలో కూడా గుడ్డ కొంత ఖర్చవుతుంది. అందువలన అనుభవజ్ఞులు పావు అంగుళానికి ఒకటి రెండు పోగులు తక్కువగా కుడతారు.

పరీక్ష

1½ అంగుళాల వెడల్పు గల మూడు పీలికలను పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేయాలి. మధ్య పీలిక సరిగా 1 అంగుళం, మొత్తం వెడల్పు 3½ అంగుళాలు ఉంటే కుట్టు సరైనది. తక్కువైతే టేపును సూదికి దగ్గరగా, ఎక్కువైతే దూరంగా జరపాలి.

చరిత్ర

చేతితో కుట్టేవారు ముక్క వెనుక పెన్సిలుతో గీత గీసి, దాని మీదుగా కుడతారు. అక్కడ కొలతకు ఆధారం అంచు కాదు, గీత. ఐజాక్ సింగర్ 1851లో పేటెంటు పొందిన తరువాత కుట్టు మిషను క్రమంగా ఇళ్లలోకి వచ్చింది. జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ 1979లో చక్రపు కత్తిని ప్రవేశపెట్టాక ముక్కలను కచ్చితంగా కోయడం సులభమైంది.

కొలత లేని సంప్రదాయాలు

అమెరికాలోని అలబామా రాష్ట్రానికి చెందిన జీస్ బెండ్ గ్రామపు ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీల క్విల్టులు అనేకం కంటి అంచనాతో కుట్టినవే. ఇవి 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో ప్రదర్శింపబడ్డాయి. తెలుగునాట పాత చీరలు, పంచెలు పొరలుగా పరచి బారు కుట్లు వేసే బొంతలోనూ ఈ కొలత అవసరం రాదు. అతుకును పరచిన గుడ్డ పైనే వేస్తారు కనుక ఒక అతుకులోని తేడా పక్కదానికి సోకదు.