మహాలవణ సరస్సు: ఆకాశము నుండి కనిపించే నీటి గీతలు

అమెరికాలో యూటా రాష్ట్రపు ముఖ్యపట్టణమైన సాల్ట్ లేక్ సిటీ నుండి చిన్న విమానములో బయలుదేరితే కొద్ది నిమిషములలోనే గ్రేట్ సాల్ట్ లేక్, అనగా మహాలవణ సరస్సు, క్రింద పరచుకొని కనిపిస్తుంది. ముందు నీటిని కాదు, చుట్టూ ఉన్న కొండలను చూడవలె. వాటి పక్కలమీద మెట్లు చెక్కినట్లు అడ్డగీతలు ఉన్నవి. ఒక కొండమీది గీత ప్రక్క కొండమీద దాదాపు అదే ఎత్తున సాగిపోతుంది. వేసవిలో చెరువు తగ్గేకొద్దీ గట్టురాళ్లమీద నీటిమరకలు వరుసగా మిగలడము మన పిల్లలు ఎరిగినదే. ఇవీ అటువంటి మరకలే. అయితే అన్నిటికన్న పైగీత నేటి నీటికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉన్నది!

సుమారు 18,000 సంవత్సరముల క్రిందట ఇక్కడ బోన్‌విల్ అనే మహాసరస్సు నిండి ఉండేది. దాని చరిత్రను వ్రాసినవాడు గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్. ఆయన గ్రంథము 1890లో వెలువడినది. రైట్ సోదరుల విమానము ఎగిరినది 1903లో. అనగా నేడు విమానయాత్రికుడు కిటికీలోనుండి ఒక్క చూపులో చూచేదానిని గిల్బర్ట్ గుర్రము మీదను, కాలినడకను తిరిగి కొలిచినాడన్నమాట. కొలిచినందువల్లనే, కంటికి తెలియని విషయ మొకటి ఆయనకు చిక్కినది. నడిమి కొండలమీద పైగీత అంచులవద్ద కన్న ఎత్తుగా ఉన్నది. నీటి బరువుకు క్రుంగిన భూమి, ఆ నీరు పోయిన తరువాత మెల్లగా పైకి లేచినదని ఆయన గ్రహించినాడు.

ఆయన చేసిన మరొక పని నాకు ఇంతకన్న ముచ్చటగా తోస్తుంది. ఈ ప్రాంతమునకు 1847లో వలసవారు వచ్చినారు. సరస్సులో కొలబద్ద పాతినది మాత్రము 1875లో. ఈ నడుమ నీరు ఎంత ఉండినదో తెలిసే దెట్లు? తీరమునకు, ఆంటిలోప్ దీవికి నడుమ ఒక ఇసుకతిప్ప ఉన్నది. పశువుల కాపరులు దానిమీదుగానే దీవికి పోయేవారు. ఏ యేట ఆ తిప్పమీద నీరు ఎంత లోతున్నదో వారికి జ్ఞాపకమే. గిల్బర్ట్ వారిని అడిగి, ఆ సాక్ష్యములను కొలబద్ద లెక్కతో జతపరచినాడు. 1860 తరువాత పది పన్నెండేండ్లలో నీరు సుమారు 3 మీటర్లు పెరిగినదని తేలినది. దున్నిన నేలకు వాన వెంట వస్తుందని ఆనాటివారు కొందరు సంతోషపడినారు. గిల్బర్ట్ తొందరపడలేదు. కారణము వాతావరణమా, మనుష్యుని పనులా అని రెండు ప్రక్కలా తూచి, 1878లో అచ్చయిన తన అధ్యాయములో ఆ ప్రశ్నను తెరచియే ఉంచినాడు.

మన కొల్లేటికి ఉప్పుటేరు ఉన్నది. ఎక్కువైన నీరు సముద్రములోనికి పోతుంది. లవణసరస్సుకు అట్టి దారి లేదు. బేర్, వీబర్, జోర్డాన్ నదులు తెచ్చిన నీరు ఆవిరై పోవలసినదే. పైగా అది పళ్లెము వంటి సరస్సు. ఉపాధ్యాయులు తరగతిలో ఒక గ్లాసులోను, ఒక వాలు పళ్లెములోను కొద్దికొద్దిగా నీరు పోసి చూపవచ్చును. గ్లాసులో మట్టము లేస్తుంది. పళ్లెములో అంచు పరుగెత్తుతుంది. 1963లో సరస్సు మట్టము సముద్రముపై 1277.5 మీటర్లు, వైశాల్యము సుమారు 2,460 చదరపు కిలోమీటర్లు. 1987లో మట్టము 1283.8 మీటర్లు, వైశాల్యము సుమారు 8,500! ఆరు మీటర్ల పెరుగుదలకు సరస్సు మూడింతలు దాటినది. కొలబద్ద అంకెను చెప్పును. ఆ అంకె ఎంత నేలను ముంచినదో, ఎంత నేలను ఎండబెట్టినదో విమానము చూపును. ఆ 1987లోనే ప్రభుత్వము పెద్ద పంపులు పెట్టి నీటిని పడమటి ఎడారిలోనికి తోడించినది. 1989లో వాటిని ఆపివేసినారు.

ఆకాశము నుండి కనిపించే మరొక వింత రంగులు. 1959లో పూర్తియైన రైలుకట్ట సరస్సును రెండుగా చీల్చినది. నదులన్నీ దక్షిణపు ప్రక్కనే కలియుటచేత ఉత్తరభాగము మితిమీరి ఉప్పెక్కి, ఉప్పును ప్రేమించే సూక్ష్మజీవులవల్ల గులాబిరంగు తిరిగినది. దక్షిణము నీలిపచ్చ. నడుమ కట్ట గీటుగీసినట్లుంటుంది.

2022 నవంబరులో మట్టము 1276.7 మీటర్లకు దిగినది. కొలతలు మొదలైన తరువాత ఇంత తక్కువ ఎన్నడును లేదు. గిల్బర్ట్ వదలిన ప్రశ్నకు ఈసారి చాలవరకు సమాధానము ఉన్నది: నదులనుండి పొలములకును, పట్టణములకును మళ్లించిన నీరు లేనిచో సరస్సు 3 మీటర్లకు పైగా ఎత్తున ఉండేదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టినారు. బయటపడిన అడుగుమన్నులో ఆర్సెనిక్ ఉన్నది. గాలి లేచినపుడు ఆ దుమ్ము ఊళ్లమీదికి పోతుంది. నీరు మరీ ఉప్పెక్కితే అందులోని చిన్నరొయ్యలు, ఈగలు బ్రతుకజాలవు; వాటిని తిని బ్రతికే పక్షులు లక్షలలో ఉన్నవి. ఉత్తరభాగములో గన్నిసన్ అనే దీవి ఉన్నది. కొల్లేటి ఆటపాకకు వచ్చే గూడబాతుల దాయాదులైన తెల్ల గూడబాతులు అక్కడ వేలకొలది గుడ్లు పెట్టేవి. చుట్టూ నీరుండుటయే వాటికి కోట. నీరు తగ్గి ఆ దీవికి నేలదారి ఏర్పడగా, తోడేలు జాతికి చెందిన కోయోటీలు నడచి వెళ్లగలిగినవి.