నేర్చుకునేవారి కోసం ఇంగ్లీషు వ్యాకరణం: నాలుగు శతాబ్దాల పరిణామం

ఇంగ్లీషు వ్యాకరణ చరిత్రలో మొదటినుంచీ రెండు పాయలున్నాయి. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుకునేవారికి ఏ ప్రయోగం మర్యాద, ఏది మొరటు అని చెప్పటానికి పుట్టింది ఒకటి. ఆ భాష ఎరగనివారికి అది ఎలా నడుస్తుందో చెప్పటానికి పుట్టింది మరొకటి. కీర్తి ఎక్కువగా మొదటి పాయకు చెందిన గ్రంథాలకే దక్కినా, ఇంగ్లీషు నిజస్వరూపాన్ని వెలికి తీసిన శ్రమ మాత్రం చాలావరకు రెండవదానిదే. నామవాచకం ముందు 'ది' ఎప్పుడు రావాలో, ఎప్పుడు రాకూడదో పుట్టుకతో ఆ భాష వచ్చినవాడు ఎన్నడూ ఆలోచించనవసరం లేదు. బయటినుంచి వచ్చినవాడు అడుగడుగునా అడగక తప్పదు. ఆ ప్రశ్నలకు సమాధానం వెతకవలసి రావటం వల్లనే వ్యాకరణం లోతు పెరిగిందని ఈ చరిత్రను పరిశీలిస్తే తెలుస్తుంది.

పదహారో శతాబ్దిలో ఇంగ్లండు బడులలో వ్యాకరణమంటే లాటిన్ వ్యాకరణమే. విలియం లిలీ పేరు మీద చెలామణి అయిన లాటిన్ పాఠ్యపుస్తకమే అందరికీ ప్రమాణం. 1586లో విలియం బులొకర్ ప్రకటించిన తొలి ఇంగ్లీషు వ్యాకరణం కూడా ఆ చట్రంలోనే ఇమిడింది; ఇంగ్లీషుకూ లాటిన్‌లాగే నియమాలున్నాయని నిరూపించాలన్నది ఆయన తపన. అంతకు కొన్నేళ్ల ముందే, 1580లో, జాక్ బెలో అనే ఫ్రెంచి ఉపాధ్యాయుడు మరో అవసరం కోసం ఇంకో పుస్తకం రాశాడు. ఫ్రాన్సులో మతహింసకు తాళలేక లండన్ చేరిన హ్యూగనో ప్రొటెస్టెంట్లకు అంగడిలో బేరమాడటానికీ, ఇరుగుపొరుగుతో మెలగటానికీ ఇంగ్లీషు కావలసివచ్చింది. అందుకని బెలో ఉచ్చారణనూ, ఫ్రెంచివారిని తికమకపెట్టే పదాలనూ ముందుపెట్టి, 1586లో నిత్యజీవిత సంభాషణలతో మరో చిన్న పుస్తకం వెలువరించాడు. ఒకే ఏడాది వచ్చిన ఈ రెండు పుస్తకాలలో ఒకటి భాష గౌరవం కోసం, మరొకటి బతుకుతెరువు కోసం.

రెండవ పాయకు శాస్త్రస్థాయి కల్పించినవాడు జాన్ వాలిస్. ఆక్స్‌ఫర్డులో జ్యామితి ఆచార్యుడైన ఈ గణితజ్ఞుడు 1653లో ప్రకటించిన ఇంగ్లీషు వ్యాకరణాన్ని లాటిన్‌లో రాశాడు. కారణం, చదవవలసినవారు విదేశీయులు, వారందరికీ ఉమ్మడిగా తెలిసిన భాష లాటిన్. అయితే లాటిన్‌లో రాస్తూనే లాటిన్ చట్రాన్ని తోసిపుచ్చటం ఆయన ప్రత్యేకత. లాటిన్ నామవాచకం విభక్తిని బట్టి రూపం మార్చుకుంటుంది, ఇంగ్లీషు నామవాచకం అలా మారదు. ఆ పనిని ముందుండే ప్రిపొజిషన్లే చేస్తాయి. అలాంటప్పుడు లేని విభక్తులనూ, లేని లింగభేదాలనూ ఇంగ్లీషుకు అంటగట్టి నేర్చుకునేవారిని అవస్థపెట్టటం దేనికని ఆయన వాదం.

విదేశీయులను బాగా వేధించే 'షల్', 'విల్' తేడాకు ఒక సూత్రం చెప్పినవాడు కూడా వాలిసే. ఉత్తమ పురుషలో, అంటే మాట్లాడేవాడు తన గురించి చెప్పుకునేటప్పుడు, 'షల్' కేవలం జరగబోయేదాన్ని సూచిస్తుందనీ, 'విల్' అయితే వాగ్దానమో హెచ్చరికో అవుతుందనీ, మధ్యమ, ప్రథమ పురుషలలో ఈ పాత్రలు తారుమారవుతాయనీ ఆయన వివరించాడు. బయటివారికి చేయూతగా పుట్టిన ఈ సూత్రం తర్వాతి తరాలలో ఇంగ్లండు బడిపిల్లలకే శాసనంగా మారింది. జనవ్యవహారం దానిని అంత కచ్చితంగా పాటించకపోయినా రెండు వందల ఏళ్లకు పైగా పాఠ్యపుస్తకాలు దాన్ని వల్లెవేయించాయి. వర్ణనగా మొదలైన మాట ఆజ్ఞగా ఎలా గడ్డకడుతుందో చెప్పటానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకటం కష్టం.

పద్దెనిమిదో శతాబ్ది మొదటి పాయకు స్వర్ణయుగం. బిషప్ రాబర్ట్ లౌత్ 1762లో రాసిన చిన్న వ్యాకరణం పేరుపొందిన రచయితల వాక్యాలలోనే తప్పులెన్నింది. అమెరికాలో న్యాయవాదిగా పనిచేసి ఇంగ్లండులోని యార్క్ దగ్గర స్థిరపడ్డ లిండ్లీ మరే 1795లో అదే మార్గంలో కూర్చిన పాఠ్యపుస్తకం అట్లాంటిక్‌కు రెండు వైపులా లెక్కకు మించిన ముద్రణలు పొందింది. సామాజికంగా పైకి రాదలచిన మధ్యతరగతికి ఈ పుస్తకాలు ఉపయోగపడ్డాయన్నది కాదనలేనిది. కాని వాక్యం ఎలా ఏర్పడుతుందన్న జిజ్ఞాసకు వీటిలో చోటు తక్కువ.

భారతదేశానికి ఇంగ్లీషు వ్యాకరణం చేరటం ఈ కాలంలోనే. 1797లో జాన్ మిల్లర్ బెంగాలీల కోసం 'ది ట్యూటర్' అనే స్వయంబోధినిని శ్రీరాంపూర్‌లో అచ్చువేశాడు. 1835లో మెకాలే నివేదిక తర్వాత ఇంగ్లీషు ప్రభుత్వ విద్యకు మాధ్యమం కావటంతో వ్యాకరణ పుస్తకాలకు గిరాకీ పెరిగింది. పంతొమ్మిదో శతాబ్ది చివర ఉత్తర భారత విద్యాశాఖలో పనిచేసిన జె.సి. నెస్‌ఫీల్డ్ పుస్తకాలూ, తర్వాత పి.సి. రెన్, హెచ్. మార్టిన్ కూర్చిన హైస్కూల్ వ్యాకరణమూ తెలుగు జిల్లాలతో సహా దేశమంతటా తరాలకు తరాలను పెంచాయి. ఇప్పటికీ 'రెన్ అండ్ మార్టిన్' అంటే పుస్తకం పేరు వేరే చెప్పనక్కరలేదు. ఈ పుస్తకాల ప్రధాన సాధన పార్సింగ్, అంటే వాక్యంలోని ప్రతి పదమూ ఏ భాషాభాగమో, దేనితో ఎలా అన్వయిస్తుందో విడదీసి చెప్పటం. కర్తరి వాక్యాన్ని కర్మణిగా, ప్రత్యక్ష కథనాన్ని పరోక్షంగా మార్చటం మరో సాధన. సంస్కృత వ్యాకరణ సంప్రదాయంలో పెరిగిన పండిత కుటుంబాల పిల్లలకు ఈ విశ్లేషణ కొత్తకాదు. వారు దాన్ని ఇష్టంగా ఒంటబట్టించుకున్నారు. అయితే వాక్యాన్ని విడదీయగల విద్యార్థి వాక్యాన్ని కూర్చలేకపోవటం ఈ పద్ధతిలోని లోపం, ఆ లోపం నేటికీ మన తరగతి గదులను వీడలేదు.

యూరపులో ఈ లోపం మీద తిరుగుబాటు 1882లో మొదలైంది. భాషాబోధన వెనుదిరిగి కొత్త దారి పట్టాలంటూ జర్మన్ ఆచార్యుడు విల్‌హెల్మ్ ఫియెటర్ ఆ ఏడాది ప్రకటించిన కరపత్రంతో, మాటే భాషకు మూలమనీ, రాత దాని తరువాతిదనీ, విడివిడి వాక్యాల అనువాదం కాక సందర్భం గల పాఠం బోధనకు ఆధారం కావాలనీ వాదించే ఉద్యమం తలెత్తింది. ఇంగ్లండులో హెన్రీ స్వీట్, డెన్మార్క్‌లో ఒట్టో యెస్పెర్సెన్ దీనికి శాస్త్రబలమిచ్చారు. ఈ ఆలోచనల గాలి తెలుగునాటా సోకింది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దంలో ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరమెందుకని అడిగిన ప్రశ్న గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమానికి ప్రేరణలలో ఒకటయింది. బయటివాడి ప్రశ్న లోపలివారిని కదిలించటం ఇంగ్లీషు చరిత్రకే పరిమితం కాదని ఈ సందర్భం చూపుతుంది.

యెస్పెర్సెన్ 1909లో మొదలుపెట్టిన ఏడు సంపుటాల ఇంగ్లీషు వ్యాకరణం ఆయన మరణానంతరం 1949లో పూర్తయింది. ఇంగ్లీషు గురించి ఇంత విస్తృతమైన పుస్తకాన్ని డెన్మార్క్ దేశీయుడు రాయటం కాకతాళీయం కాదు. అదే కాలంలో డచ్చి పండితులు పౌట్స్‌మా, క్రౌసింగా కూడా బృహద్గ్రంథాలే రాశారు. వీరందరూ ఇంగ్లీషును నేర్చుకున్నవారు. లెక్కపెట్టదగిన నామవాచకాలకూ, లెక్కకు రాని పదార్థవాచకాలకూ మధ్య తేడాను యెస్పెర్సెన్ విశదం చేయటం వల్ల 'ఇన్ఫర్మేషన్', 'ఫర్నిచర్' వంటి మాటలకు బహువచనం ఎందుకు లేదో, వాటి ముందు 'ఎ' ఎందుకు రాదో చెప్పే వీలు కలిగింది.

ఈ రెండవ పాయలోని అసలు మలుపు టోక్యోలో జరిగింది. బెల్జియంలో బోధనానుభవం గడించి, లండన్ విశ్వవిద్యాలయ కళాశాలలో ఉపన్యాసాలిచ్చిన హెరాల్డ్ పామర్ 1922లో జపాన్ ప్రభుత్వ భాషా సలహాదారుగా వెళ్లి, మరుసటి సంవత్సరం అక్కడ ఇంగ్లీషు బోధనా పరిశోధన సంస్థను స్థాపించాడు. నేర్చుకునేవారికి కష్టం పదాల అర్థంలో లేదు, పదాల పొందికలో ఉంది అని ఆయన గుర్తించాడు. ఏ మాటకు ఏ మాట జతపడుతుందో తెలిపే స్థిరమైన కూర్పులను, వాటినే 'కొలొకేషన్' అంటారు, ఆయన బృందం వర్గీకరించి 1933లో ప్రకటించింది. జపాన్‌లోనే బోధిస్తూ పామర్‌కు సహచరుడైన ఎ.ఎస్. హార్న్‌బీ మరో అడుగు ముందుకు వేసి, క్రియ తన వెనుక ఎలాంటి నిర్మాణాన్ని కోరుతుందన్నది క్రియ క్రియకూ వేరని చూపాడు. 'ఐ వాంట్ హిమ్ టు గో' అనవచ్చు, 'ఐ సజెస్ట్ హిమ్ టు గో' అనకూడదు. భావం దృష్ట్యా రెంటికీ పెద్ద తేడా లేదు. తర్కంతో తేల్చే విషయమూ కాదు. అందుచేత హార్న్‌బీ 25 క్రియా నమూనాలను నిర్దేశించి, నిఘంటువులో ప్రతి క్రియ పక్కన అది ఏ నమూనాలలో ఒదుగుతుందో గుర్తుతో సూచించాడు. గేటన్‌బీ, వేక్‌ఫీల్డ్‌లతో కలిసి ఆయన కూర్చిన ఆ నిఘంటువు 1942లో, యుద్ధం మధ్యలో, టోక్యోలో వెలువడింది. 1948లో ఆక్స్‌ఫర్డు యూనివర్సిటీ ప్రెస్ దాన్ని అభ్యాసకుల నిఘంటువుగా తిరిగి ముద్రించటంతో ప్రపంచమంతా చేరింది. నిఘంటువు, వ్యాకరణం రెండు వేరు వేరు పుస్తకాలన్న పాత భావన ఇక్కడ కూలిపోయింది. ఇంగ్లీషు బోధన చరిత్రలో ఇంతకు మించిన మేలు చేసిన పుస్తకాన్ని చూపటం కష్టం.

దాదాపు అదే కాలంలో, ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్ మరో మూలనుంచి ఆలోచించాడు. బడి మధ్యలోనే మానేసే పిల్లవాడికి ఇంగ్లీషులో మాట్లాడటం కన్నా చదవటం ఎక్కువ పనికొస్తుందనీ, కొత్త మాటలు గుంపుగా వచ్చిపడితే చదువు ముందుకు సాగదనీ ఆయన నమ్మకం. అందుకే వాచకాల్లో కొత్త మాటలు ఎంత ఎడంగా రావాలో లెక్కవేశాడు. 1935లో జేమ్స్ ఎండికాట్‌తో కలిసి కూర్చిన నిఘంటువులో దాదాపు 24,000 మాటలనూ జాతీయాలనూ కేవలం 1,490 మాటలతో వివరించాడు. వివరణలో వాడిన మాటకు మళ్లీ అర్థం వెతకవలసిన దుస్థితి అభ్యాసకుడికి తప్పింది. 1953లో ఆయన సంపాదకత్వంలో వెలువడిన సుమారు 2,000 మాటల పట్టిక చాలా కాలం వాచకాలకు కొలబద్దగా నిలిచింది.

స్వాతంత్ర్యానంతరం ఈ చరిత్రలో హైదరాబాదుకు స్థానం దక్కింది. 1958లో అక్కడ నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ దేశమంతటినుంచీ వచ్చిన ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చింది. 2007లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. నిర్మాణాలను తేలికనుంచి కష్టానికి వరుసపెట్టి, ఒక్కొక్కదాన్నీ అభ్యాసంతో నాటే 'స్ట్రక్చరల్' పద్ధతి అప్పటి రీతి. ఆ సంస్థకు చెందిన ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందన్న విషయం మీద చేసిన పరిశోధన 1969లో వెలువడింది. బ్రిటిష్ ఉచ్చారణను యథాతథంగా అనుకరించటం కన్నా అర్థం కావటమే ముఖ్యమన్న దృష్టికి అది బలమిచ్చింది.

ఆ తర్వాతి మార్పు సాక్ష్యానికి సంబంధించినది. పండితుడి చెవినీ, అభిరుచినీ కాక, జనం నిజంగా పలికిన, రాసిన వాక్యాలను సేకరించి వాటినుంచే నియమాలు తీయాలన్న సంకల్పంతో రాండల్ఫ్ క్వర్క్ 1959లో ప్రారంభించిన సర్వేలో ఒక్కొక్కటి 5,000 పదాల 200 పాఠాలు, అంటే మొత్తం పది లక్షల పదాలు చేరాయి. సగం మాటనుంచి, సగం రాతనుంచి. ఇలాంటి సేకరణనే 'కార్పస్' అంటారు. దాని ఆధారంతో 1985లో వెలువడిన బృహద్వ్యాకరణ రచయితల్లో ఒకడు స్వీడన్ పండితుడు యాన్ స్వార్ట్‌విక్. ఆపై బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయర్ నాయకత్వాన కంప్యూటర్ సహాయంతో తయారైన కోబిల్డ్ నిఘంటువు 1987లో వచ్చింది. మాటకు మాట అర్థంగా ఇవ్వక, ఆ మాటను సహజంగా వాడిన పూర్తి వాక్యంతో అర్థం చెప్పటం దాని పద్ధతి. మైకేల్ స్వాన్ 1980లోనూ, రేమండ్ మర్ఫీ 1985లోనూ ప్రకటించిన పుస్తకాలు ఈ జ్ఞానాన్ని ఉపాధ్యాయుడికీ, ఒంటరిగా చదువుకునేవాడికీ అందుబాటులోకి తెచ్చాయి. మర్ఫీ పుస్తకంలో ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసం ఉండే అమరిక ఎంత సరళమో అంత ఉపయుక్తం.

అయితే ఎవరి వ్యవహారాన్ని ప్రమాణంగా తీసుకోవాలన్న ప్రశ్న మిగిలింది. 1990 ప్రాంతంలో క్వర్క్‌కూ, కాశ్మీరులో పుట్టి అమెరికాలో పనిచేసిన బ్రజ్ కచ్రుకూ మధ్య దీనిమీద వాదం నడిచింది. నేర్చుకునేవారికి ఒకే స్థిరమైన ప్రమాణం అవసరమని క్వర్క్ అంటే, భారతదేశం వంటి చోట్ల ఇంగ్లీషు తనదైన పద్ధతిలో స్థిరపడిందనీ, ఆ పద్ధతిని తప్పుల కుప్పగా చూడరాదనీ కచ్రు వాదించాడు. పాఠం చెప్పేటప్పుడు క్వర్క్ మాట ఎక్కువ పనికొస్తుందనీ, మనవారి వాక్యాన్ని తూచేటప్పుడు కచ్రు మాట న్యాయమనీ అనిపిస్తుంది.

నేర్చుకునేవారి వాక్యాలనే కార్పస్‌గా సేకరించే పని బెల్జియంలోని లూవాన్‌లో సిల్వియాన్ గ్రాంజె ఆధ్వర్యంలో 1990లో మొదలైంది. మాతృభాషను బట్టి తప్పులు ఎలా మారతాయో చూడటం దాని ఉద్దేశం. 2002లో వెలువడిన తొలి రూపంలో పదకొండు మాతృభాషలకు చోటు దక్కింది; అన్నీ యూరపు భాషలే. తెలుగువాడి కష్టం వాటితో పోల్చదగినది కాదు. 'టేబుల్ మీద' అన్నప్పుడు నామం తర్వాత వచ్చే మాట, ఇంగ్లీషులో నామానికి ముందుకు జరుగుతుంది. 'నాకు తెలుసు'లో తెలిసినవాడు 'కు' విభక్తిలో ఉంటాడు, ఇంగ్లీషులో అతడే కర్త అవుతాడు. 'ఐ యామ్ నోయింగ్' అనే ప్రయోగం స్థితిని తెలిపే క్రియకు 'ఇంగ్' చేర్చకూడదన్న సూత్రాన్ని అతిక్రమించినప్పటిదే. ఆర్టికల్స్ అసలే లేని భాషనుంచి వచ్చినవాడికి 'ఎ', 'ది'ల మధ్య ఎంపిక తెలిసిన విషయానికీ, కొత్తగా ప్రస్తావించే విషయానికీ మధ్య తేడాను ప్రతి వాక్యంలోనూ గమనించవలసిన కొత్త అలవాటు. ఫ్రెంచి శరణార్థుల కోసం బెలో, జపాన్ విద్యార్థుల కోసం హార్న్‌బీ, బెంగాలీ బాలుర కోసం వెస్ట్ చేసిన రీతిలో, తెలుగు వాక్యనిర్మాణాన్ని ముందుపెట్టుకుని ఈ తేడాలన్నిటినీ ఒక వరుసలో బోధించగల వ్యాకరణాలే తెలుగు తరగతి గదికి అవసరం. అవి పార్సింగ్‌ను మొదటి పాఠంగా కాక, వాక్యం కూర్చటం వచ్చాక చేసే పరిశీలనగా చివరికి పెట్టవలసి ఉంటుంది.