పిల్లల లైబ్రరీ గోడకి బొమ్మలేస్తే వారం జీతం

ఈ రోజు టాపిక్ లేఆఫ్‌లు. ఐటీ లేఆఫ్‌లు కాదు, 1930లలో న్యూయార్క్‌లో బొమ్మలు వేసేవాళ్ల లేఆఫ్‌లు. కథ మాత్రం ఒక లైబ్రరీలోని పిల్లల గదిలో మొదలవుతుంది.

న్యూయార్క్‌లో క్వీన్స్ అనే ప్రాంతంలో ఆస్టోరియా లైబ్రరీ ఉంది. కార్నెగీ ఇచ్చిన డబ్బుతో 1904లో మొదలైంది. దాని పిల్లల గది కోసం 1938 ప్రాంతంలో మాక్స్ స్పివాక్ అనే ఆర్టిస్ట్ గోడ బొమ్మలు వేశాడు. అంటే మురల్స్. సర్కస్ వాళ్లు, పప్పెట్లు, అలాంటివి. పిల్లల గదుల్లో పుస్తకాల అల్మారాలు వాళ్ల చేతికి అందే ఎత్తులోనే పెడతారు కదా, అందుకే పైన బోలెడంత గోడ మిగిలిపోతుంది. బొమ్మలకి అంతకంటే మంచి చోటు ఏముంటుంది?

సరే, మరి స్పివాక్‌కి జీతం ఇచ్చింది ఎవరు? లైబ్రరీ కాదు, అమెరికా ప్రభుత్వం.

1933లో అమెరికాలో పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి ఉద్యోగం లేదు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో డబ్ల్యూపీఏ అనే పెద్ద ఉపాధి పథకం పెట్టింది. రోడ్లు, వంతెనలు, స్కూలు బిల్డింగులు... వాటితోపాటు ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్ అని ఒకటి. బొమ్మలు వేసేవాళ్లకి కూడా వారం వారం జీతం అన్నమాట. దీని మీద విమర్శలు వస్తే, వాళ్లకీ మిగతావాళ్లలాగే ఆకలేస్తుంది కదా అన్నట్టు తేల్చేశాడు డబ్ల్యూపీఏ హెడ్ హ్యారీ హాప్కిన్స్. నాకైతే ఇంతకంటే గట్టి వాదన అక్కర్లేదు.

న్యూయార్క్‌లో జీతం వారానికి 23 డాలర్ల 86 సెంట్లు. ఊరికే ఇవ్వలేదు. చాలామంది ముందు తమకి ఇల్లు గడవట్లేదని రుజువు చూపించాలి. మురల్ అయితే ఒక స్కూలో, హాస్పిటలో, లైబ్రరీయో మా గోడ మీద వేయండి అని ముందుకు రావాలి. రంగులు, సామాను ఖర్చు వాళ్లది, జీతాలు ప్రభుత్వానివి. స్కెచ్‌కి అప్రూవల్, దాని మీద ఇంకో అప్రూవల్. మీ మేనేజర్ గుర్తొస్తున్నాడా?

పెద్ద గోడ పని ఒక్కడి వల్ల అయ్యేది కాదు. చిన్న స్కెచ్ మీద గళ్లు గీయాలి, అవే గళ్లు పెద్దగా గీసి బొమ్మని అందులోకి ఎక్కించాలి. దీనికి అసిస్టెంట్లు కావాలి. స్పివాక్‌కి ఇచ్చిన అసిస్టెంట్లు ఎవరో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఒకరు హెరాల్డ్ రోజెన్‌బర్గ్. అసలు ఈయన రాసుకునే మనిషి. తర్వాత 1952లో 'యాక్షన్ పెయింటింగ్' అనే మాట పుట్టించిన విమర్శకుడు ఈయనే. ఇంకొకరు లీ క్రాస్నర్. మంచి ఆర్ట్ స్కూళ్లలో చదువుకుని కూడా, ఇల్లు గడవక హోటల్‌లో వెయిట్రెస్‌గా చేసిన అమ్మాయి. ఇప్పుడు ఆమె బొమ్మలు ప్రపంచంలోని పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. అప్పట్లో మాత్రం ఆమెది ఇంకొకరి బొమ్మకి సాయం చేసే ఉద్యోగం, క్రెడిట్‌లో పేరు ఉండని ఉద్యోగం. చాలామంది ఆమెని జాక్సన్ పొలాక్ భార్య అనే పరిచయం చేస్తారు. నేను కావాలనే అలా మొదలుపెట్టలేదు.

ఇక లేఆఫ్‌లు. 1936 చివర్లో బడ్జెట్ తగ్గించి పింక్ స్లిప్పులు ఇవ్వడం మొదలుపెట్టారు. మనం ఇప్పుడు వాడే అదే మాట. డిసెంబర్ 1న ఆర్టిస్టులు ప్రాజెక్ట్ ఆఫీసులోనే కూర్చుండిపోయారు. పోలీసులు వచ్చి 219 మందిని అరెస్ట్ చేశారు. పేరేంటని అడిగితే కొందరు పికాసో, సెజాన్ అని చెప్పారట! క్రాస్నర్ కూడా ఆర్టిస్ట్స్ యూనియన్ మనిషే, ఇలాంటి నిరసనల్లో అరెస్ట్ అయింది కూడా.

1943కల్లా ప్రాజెక్ట్ మూతపడింది. యుద్ధం వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి, బొమ్మలతో పనేముంది అనుకున్నారు. అప్పటికి దేశం మొత్తం మీద 2,500కి పైగా మురల్స్, లక్షకి పైగా ఫ్రేముకెక్కే పెయింటింగులు తయారయ్యాయి. ఎవరికీ కేటాయించని పెయింటింగులు కొన్ని ఫ్లషింగ్‌లోని ఒక ప్రభుత్వ గోడౌన్‌లో పడి ఉన్నాయి. ఫ్లషింగ్ కూడా క్వీన్స్‌లోనే ఉంది, ఆస్టోరియాకి దూరమేం కాదు. వాటిని ఏం చేశారో తెలుసా? పాత కాన్వాసు గుడ్డ కింద తూకానికి అమ్మేశారు. అవును, పాత పేపర్లలాగా! ఒక ప్లంబర్ వాటిని పైపులకి చుట్టడానికి కొన్నాడు. పైపులు వేడెక్కితే ఆయిల్ పెయింట్ వాసన కొట్టడంతో వదిలించుకున్నాడు. చివరికి కెనాల్ స్ట్రీట్‌లో ఒక పాత సామాను షాపులో తేలాయి. కొందరు ఆర్టిస్టులు వెళ్లి తమ బొమ్మల్ని తామే, ఒక్కోటి కొద్ది డాలర్లు పెట్టి కొనుక్కున్నారు.

గోడ బొమ్మకి ఈ గతి పట్టదు. అది గోడౌన్‌ది కాదు, ఆ గోడ ఉన్న లైబ్రరీది. అలాగని గోడ ఎక్కినవన్నీ బతికిపోయాయని కాదు. ఇదే పథకంలో ఆర్షిల్ గోర్కీ అనే గొప్ప ఆర్టిస్ట్ నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌కి 10 ప్యానెళ్లు వేశాడు. తర్వాత వాటి మీద పొరలు పొరలుగా పెయింట్ కొట్టేశారు. 1970లలో గీకి చూస్తే దొరికినవి 2 మాత్రమే.

క్రాస్నర్‌కి చివర్లో సొంతంగా ఒక మురల్ డిజైన్ చేసే అవకాశం వచ్చింది, డబ్ల్యూఎన్‌వైసీ అనే రేడియో స్టేషన్ కోసం. స్కెచ్‌లు అయ్యాయి గానీ గోడ దాకా వెళ్లలేదు. 1959లో, 50 ఏళ్ల వయసులో, మేనల్లుడితో కలిసి మాన్‌హట్టన్‌లో 2 బ్రాడ్‌వే బిల్డింగ్ గుమ్మం పైన 86 అడుగుల మొజాయిక్ చేసింది. ఈసారి పేరు ఆమెదే.