గాజులు ఎందుకు పగలగొట్టారు?

మన బాలసాహిత్యంలో చావు లేదనడం నిజం కాదు. 1947లో మొదలైన చందమామ చదివి పెరిగిన తరాలన్నీ విక్రమార్కుడి భుజమ్మీద శవాన్ని చూసినవే. అయితే ఆ శవం ఎవరిది, దానికోసం ఎవరు ఏడ్చారు అని అడగడానికి ఆ కథల్లో చోటుండేది కాదు.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పిల్లలకి ఈ సంగతి చెప్పినవి పుస్తకాలు కాదు, పేర్లు. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తిరిగి తెచ్చుకుని పెంటయ్య అనో పెంటమ్మ అనో పిలిచేవాళ్లు. భిక్షగా దొరికిన బిడ్డ భిక్షమయ్య. తనకంటే ముందు పోయిన అక్కనో అన్ననో ఆ బిడ్డ పేరులోనే మోస్తూ పెరిగేది. బతుకమ్మ పుట్టుక గురించి చెప్పే కథల్లోనూ ఒకటి ఇదే: నూరుగురు కొడుకుల్ని పోగొట్టుకున్న ధర్మాంగదుడికి కలిగిన ఆడపిల్లని 'బతుకమ్మా' అని దీవించారట. శిశుమరణాల చరిత్ర రాసేవాళ్లు పాత ఓటరు జాబితాల్లోని పేర్లను కూడా చదవాలని నాకనిపిస్తుంది.

బొమ్మల పుస్తకంలో దుఃఖం నాకు సూటిగా కనిపించింది హైదరాబాదులోని 'అన్వేషి' 2008లో తెచ్చిన పిల్లల కథల వరుసలో. అందులో జయశ్రీ కళత్తిల్ రాసిన 'ది సాక్‌క్లాత్‌మ్యాన్' ఒకటి. తోబుట్టువు చనిపోయాక అను అనే పిల్ల ఇల్లు మూగబోతుంది. అమ్మ తన దుఃఖంలో తానుంటుంది. ఊరంతా పిచ్చివాడనే, గోనెపట్టాలు కట్టుకున్న మనిషితో అను స్నేహం చేస్తుంది. అమ్మంటే ఎప్పుడూ ఓదార్చే మనిషే అన్నట్టు రాయకపోవడం నాకు నచ్చింది. పద్దెనిమిదేళ్ల కొడుకు పోయాక మైకేల్ రోజెన్ రాసిన 'శాడ్ బుక్' (2004) కూడా పెద్దవాళ్ల దుఃఖాన్ని దాచదు.

ఇంగ్లీషులోంచి వచ్చే ఇలాంటి పుస్తకాలు చాలావరకు చావంటే ఏమిటో విడమరిచి చెప్తాయి. ఆకు రాలుతుంది, మళ్లీ చిగురొస్తుంది. మంచిదే. కాని పత్తిచేలో పురుగులమందు తాగిన రైతు కూతురికి చావంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ పిల్లకి అర్థం కానిది వేరే ఉంది. దినాలనాడు ఆడవాళ్లంతా చేరి అమ్మ గాజులు ఎందుకు పగలగొట్టారు? బొట్టెందుకు తుడిచారు? నిన్నటిదాకా పేరంటానికి పిలిచినోళ్లు ఇప్పుడు పొద్దున్నే ఎదురురావొద్దని ఎందుకంటున్నారు? ఇందులో ఒక్కటీ ప్రకృతి ధర్మం కాదు. రాలిన ఆకుని చూపించి వీటికి జవాబు చెప్పలేం. బొమ్మలేసే అమ్మాయెవరైనా నన్నడిగితే ఆ వాకిట్లో గాజుముక్కలతో మొదలుపెట్టమంటాను.

2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో ఇలాంటి ఆడపిల్లలకి ముందు సీటిస్తారు. అది చాలా అవసరమైన పని. కాని వాళ్లకోసం ఆఫీసు కాగితాల్లో ఒక మాట ఉంది: 'సెమీ ఆర్ఫన్'. కూలి పోగొట్టుకుని, బస్సెక్కి వచ్చి, తల్లి హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఉంటే, ఆ పిల్ల సగం అనాథ ఎట్లయింది?