నిజాం సిపాయికి రంగు వేసేదెవరు?

సంతోష్‌నగర్ నుంచి సైదాబాద్ మీదుగా మలక్‌పేట వైపు పోతే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఒక రాతి స్తంభం నిలబడి ఉంటుంది. నిజాం అలీఖాన్ కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి అది. 1798 మార్చి 25న ఆయన చనిపోయేనాటికి ఆ సేనలో పద్నాలుగు వేల మందికి పైగా సిపాయిలున్నారు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ చేత ఆయుధాలు దింపించేశారు. నిజాం దగ్గర ఎర్రకోట్లు తొడిగి కవాతు చేసే ఆడవాళ్ళ పల్టన్లూ ఉండేవి. 1795లో మరాఠాలతో జరిగిన ఖర్డా యుద్ధానికి వాళ్ళూ వెళ్ళారు. ఇవికాక అరబ్బు సిపాయిలు, రొహిల్లాలు, ఏనుగులు, ఒంటెలు! చారిత్రక సైనికుల బొమ్మలు చేసి రంగులు వేసేవాడికి ఇంతకు మించిన సరుకు ఏ ఊళ్ళో దొరుకుతుంది? కానీ ఆ కళ పెరిగింది ఇక్కడ కాదు, జర్మనీలోని నూరెంబర్గ్‌లో.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అక్కడ హిల్పర్ట్ కుటుంబం తగరంతో బల్లపరుపు సిపాయిలను పోతపోసింది. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పేరు మార్మోగుతున్న రోజులవి, పిల్లలందరికీ ఆయన దళాలే కావాలి. తర్వాతి శతాబ్దంలో అదే ఊరి హైన్రిక్‌సెన్ తన సిపాయి ఎత్తును దాదాపు 30 మిల్లీమీటర్లకు ఖాయం చేశాడు. దాంతో ఒక పెట్టెలోని బొమ్మ ఇంకో పెట్టెలోని బొమ్మ పక్కన ఇమిడిపోయేది. రంగులు మాత్రం కార్ఖానాలో వేయలేదు. పేద ఇళ్ళలోని ఆడవాళ్ళూ పిల్లలూ లెక్కకింత కూలికి వేసేవారు. చరిత్ర పుస్తకాల్లో కార్ఖానాదారుల పేర్లున్నాయి, ఆ వేళ్ళ పేర్లు లేవు.

1893లో లండన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ లోపల డొల్లగా ఉండే సీసం సిపాయిని తెచ్చింది. కరిగిన సీసం అచ్చు గోడలకు గట్టిపడగానే మిగిలినదాన్ని వెనక్కి ఒంపేస్తారు. సరుకు తక్కువ పడుతుంది, ధర దిగుతుంది. ఆ సిపాయి 54 మిల్లీమీటర్ల ఎత్తు ఇప్పటికీ ఈ రంగంలో ఒక ప్రమాణం. మద్రాసు, బెంగాల్, బొంబాయి పల్టన్ల సిపాయిలు కూడా ఆ కంపెనీ పెట్టెల్లో ఉండేవారు. కోటుకు ఒకే ఎరుపు, కంటికి నల్ల చుక్క, బుగ్గకు గులాబీ మచ్చ, అంతా తళతళలాడే రంగు. సూటిగా చెప్పాలంటే ఆ పనితనంలో మన కొండపల్లి బొమ్మను మించింది ఏమీ లేదు.

కొండపల్లి సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. అక్కడి ఆర్యక్షత్రియ కుటుంబాలు తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, సెగ చూపించి తేమ తీస్తాయి. కాళ్ళూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తాయి. దాని మీద సున్నపు పూత, ఆపైన రంగు. ఈనాటి మోడల్ కళాకారుడు పుట్టీతో అతుకులు పూడ్చి, ప్రైమర్ కొట్టి, రంగు మొదలుపెట్టే వరసా ఇదే. పైగా ఆ ఊరి నెత్తిన కోట ఉంది. 1766లో అది ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాక అక్కడ సైనిక శిక్షణ కూడా నడిచింది. అయినా కొండ కింది బొమ్మల్లో అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు నిలిచారు. ఫలానా ఏడాది ఫలానా పల్టన్ సిపాయి నిలవలేదు.

చేతకాక కాదు, అడిగేవాడు లేక. యూరప్‌లో బొమ్మ పిల్లల చేతిలోంచి పెద్దల చేతికి మారింది. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' పేరుతో సీసం సిపాయిలతో ఆడే యుద్ధానికి నియమాలు రాశాడు. 1935లో బ్రిటన్‌లో మోడల్ సైనికుల సంఘమే వెలిసింది. ఈ పెద్దలు గుండీల వరసలు లెక్కపెట్టారు, మెడపట్టీ రంగు తప్పయితే ఒప్పుకోలేదు. 1960లలో ఫ్రాన్సు హిస్టొరెక్స్ కంపెనీ నెపోలియన్ సేనను ప్లాస్టిక్ ముక్కలుగా అమ్మడం మొదలుపెట్టింది. 1966లో బ్రిటన్ దేశం సీసపు బొమ్మలను నిషేధించడంతో పాత తళతళల కాలం ముగిసింది. ఆ తర్వాత కథంతా కుంచెది. మనిషి మీద పడే ఎండ బొమ్మ మీదా పడుతుంది కానీ, అంత చిన్న మడతలో చూడదగ్గ నీడ ఏర్పడదు. ఆ నీడను రంగుతోనే పుట్టించాలి. కొందరు ఆయిల్ రంగులను తడి మీదే కలుపుతారు, కొందరు నీళ్ళలా పల్చన చేసిన ఆక్రిలిక్‌ను పొర మీద పొర వేస్తారు. తల నుంచి ఛాతీ దాకా ఉండే బస్టుల్లో ముఖమే సర్వస్వం. కనురెప్ప దగ్గర గీత తప్పితే దాచుకోవడానికి చోటుండదు.

హైదరాబాద్‌లో ఇలాంటి బొమ్మలు కొన్న మనిషి లేకపోలేదు. మూడో సాలార్‌జంగ్ (1889–1949) ప్రపంచమంతా గాలించి తెచ్చినవాటిలో బొమ్మ సైనికులూ ఉన్నారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ ప్రారంభించిన సాలార్‌జంగ్ మ్యూజియం 1968లో ఇప్పటి భవనానికి మారింది. ఒక గదిలో దక్కన్ కత్తులు, ఇంకో గదిలో ఆట సిపాయిలు. ఆ కత్తి పట్టినవాడి బొమ్మ ఎక్కడ? నేను తిరిగిన హస్తకళల దుకాణాల్లో మాత్రం కనిపించలేదు. ఇది మన చరిత్రకారుల లోపమూ, మన కొనుగోలుదారుల లోపమూ. బొమ్మలవాళ్ళ తప్పు మాత్రం కాదు.

ఎవరికైనా చెయ్యి దురద పెడితే రేమండ్ సిపాయితో మొదలుపెట్టొద్దు, ఆధారాలు వెతుక్కోవడమే సగం పని అవుతుంది. నిజాం రాజ్యపు ఆశ్విక దళాల్లో వేళ్ళున్న 20వ డెక్కన్ హార్స్ మేలు. 1916 జులై 14న ఫ్రాన్సులో హైవుడ్ అనే అడవి మీదికి బల్లేలతో దూకిన దళం అది. ఆ రోజు కార్నాయ్ లోయలో గుర్రాల దగ్గర వేచి ఉన్న రౌతుల ఫోటో ఉంది, తలపాగా చుట్టు దాకా చూసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: ‘చర్మం రంగు’ అని రాసి అమ్మే సీసా తెల్లవాడి చర్మానిది, దాన్ని పక్కన పెట్టండి. బర్న్ట్ సియెనా, అంబర్ కలిపి మొదలుపెట్టండి. వెలుగు చూపడానికి తెలుపు కలిపితే ముఖం బూడిద పూసినట్టవుతుంది. పసుపు ఓకర్‌తో పైకి తీసుకెళ్ళండి. వీలైతే చెక్కే పని కొండపల్లికో నిర్మల్‌కో అప్పగించి, తగిన కూలి ఇవ్వండి.